లేపాక్షి మీదుగా ఆరు వేల అడుగులు: ఆ లెక్క ఎవరిది?

మబ్బు తునక కూడా లేని మామూలు రోజున లేపాక్షిలో ఒక ఆల్టీమీటర్‌ను బల్ల మీద పెట్టి, ఉదయం పది గంటలకు దాని ముల్లు ఎక్కడుందో రాసుకుని, సాయంత్రం నాలుగింటికి మళ్లీ చూస్తే అది దాదాపు వంద అడుగులు పైకి జరిగి కనిపిస్తుంది. బల్ల కదలలేదు, ఊరు కదలలేదు. మారింది గాలి పీడనం ఒక్కటే. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న ప్రాంతాల్లో వాయుపీడనం రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. పగలు పదికి, రాత్రి పదికి అటూ ఇటూగా ఎక్కువ ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి, సాయంత్రం నాలుగింటికి అటూ ఇటూగా తక్కువ ఉంటుంది. ఎండ వేడిని పై గాలిలోని ఓజోన్, కింది గాలిలోని నీటి ఆవిరి పీల్చుకోవడం వల్ల వాతావరణమంతా ఒక లయలో ఉబ్బి తగ్గుతుంటుంది. దీన్నే వాతావరణ ఆటుపోట్లు అంటారు. ఐరోపాలో వెంటవెంటనే వచ్చిపోయే అల్పపీడనాల హోరులో ఈ లయ కనబడకుండా పోతుంది. అనంతపురం పీఠభూమి వంటి వానలు తక్కువైన చోట ఇది గడియారంలా నడుస్తుంది. ఉదయానికీ సాయంత్రానికీ తేడా మూడు నాలుగు హెక్టోపాస్కల్‌లు. ఈ ఎత్తులో ఒక్కో హెక్టోపాస్కల్ 28, 29 అడుగులకు సమానం. గుణించి చూస్తే ఆ వంద అడుగులు ఎక్కడివో తెలుస్తుంది.

ఆల్టీమీటర్‌కు ఎత్తు తెలియదు, గాలి ఒత్తిడి మాత్రమే తెలుసు. లోపల గాలి తీసేసి మూసిన పలుచని లోహపు డబ్బీలు ఉంటాయి. బయట పీడనం తగ్గితే అవి ఉబ్బుతాయి, ఆ ఉబ్బును పళ్లచక్రాలు ముల్లు దాకా చేరుస్తాయి. ముల్లు చూపించే అడుగులు ఒక ఊహా వాతావరణం ప్రకారం గీసినవి. అందులో సముద్రమట్టం దగ్గర పీడనం 1013.25 హెక్టోపాస్కల్‌లు, ఉష్ణోగ్రత 15 డిగ్రీలు, పైకి వెళ్లే కొద్దీ కిలోమీటరుకు 6.5 డిగ్రీల చొప్పున తగ్గుదల. ఇది చల్లని దేశాల సగటు. మే నెల హిందూపురానికీ దీనికీ పోలికే లేదు. అందుకే డయల్ పక్కన చిన్న కిటికీ, దాన్ని తిప్పడానికి ఒక నాబ్ పెట్టారు. ఇవాళ ఇక్కడి పీడనాన్ని సముద్రమట్టానికి దించి లెక్కగడితే ఎంతో చెప్పే అంకెను ఆ కిటికీలోకి తెస్తాం. విమానయానంలో ఆ అంకెను క్యూఎన్‌హెచ్ అంటారు. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన పాల్ కోల్స్‌మన్ 1928లో తయారుచేసిన సూక్ష్మమైన ఆల్టీమీటర్ ఈ పద్ధతికి ప్రాణం పోసింది. 1929 సెప్టెంబరు 24న జిమ్మీ డూలిటిల్ బయట ఏమీ కనబడకుండా మూసేసిన కాక్‌పిట్‌లో కూర్చుని, పరికరాలను మాత్రమే చూస్తూ విమానాన్ని లేపి, తిప్పి, దించినప్పుడు ఆయన ముందున్నది ఆ ఆల్టీమీటరే. ఆ కిటికీని ఇప్పటికీ కోల్స్‌మన్ కిటికీ అనే పిలుస్తారు.

ఇప్పుడు ఈ నాబ్ ఇళ్లలోని కంప్యూటర్లలోకి వచ్చింది. ఫ్లైట్ సిమ్యులేటర్‌లో విమానం నడిపేవాళ్లు ఒంటరిగా ఎగరడంతో సరిపెట్టుకోవడం లేదు. 1998లో మొదలైన ఐవావో, 2001లో మొదలైన వాట్‌సిమ్ వంటి నెట్‌వర్క్‌లలో చేరుతున్నారు. అక్కడ హెడ్‌ఫోన్‌లో వినిపించే కంట్రోలర్ ఇంకో ఊళ్లో తన కంప్యూటర్ ముందు కూర్చున్న నిజమైన మనిషి. ఆయన బెంగళూరు విమానాశ్రయం పేరుతో మాట్లాడతాడు, అసలు వాతావరణ నివేదిక చదివి క్యూఎన్‌హెచ్ చెబుతాడు, మనం తిరిగి చెప్పేది సరిగా ఉందో లేదో వింటాడు. అయితే మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో 'బి' కీ నొక్కితే ఆల్టీమీటర్ దానంతట అదే సర్దుకుంటుంది. చాలామంది ఆ కీకే అలవాటు పడ్డారు. కంట్రోలర్ చెప్పింది చెవిన పడుతుంది, నోటితో తిరిగి చెబుతారు, వేలు మాత్రం 'బి' మీదకు వెళుతుంది. ఈ అలవాటు తప్పని నా వాదన. అంకె చెవి ద్వారా రావాలి, చేత్తో తిప్పాలి, తెలిసిన నేల ఎత్తుతో సరిచూడాలి. 'బి' కీ ఈ మూడింటినీ ఒకేసారి తప్పిస్తుంది. పైకి వెసులుబాటుగా కనిపించే ఆ కీ నెట్‌వర్క్‌లో అయితే కొన్నిసార్లు ఉన్న తేడాను కనబడకుండా చేస్తుంది కూడా.

దీనికి పీఠభూమి కంటే మంచి పరీక్షాస్థలం ఉండదు. బెంగళూరు కెంపేగౌడ విమానాశ్రయం నేల సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది. అక్కడినుంచి నేరుగా ఉత్తరానికి నూరు కిలోమీటర్లకు కాస్త పైగా ఎగిరితే పుట్టపర్తి విమానాశ్రయం వస్తుంది. 1990లో తెరిచిన ఆ రన్‌వే ఎత్తు 1,558 అడుగులు. సగం దారి దాటాక ఎడమ చేతివైపు లేపాక్షి, హిందూపురం, ఆపైన పెనుకొండ కొండలు. హిందూపురం దగ్గర నేల రమారమి 2,000 అడుగులు. అంటే ఈ దారిలో నేల మెట్లు దిగుతుంది, మధ్యమధ్య బోడి గుండ్ల కొండలు నిటారుగా లేస్తాయి. ఆల్టీమీటర్‌లో 6,000 అని ఉంటే మనకూ నేలకూ మధ్య ఉన్నది ఆరు వేలు కాదు, నాలుగు వేలే. కొండ మీద అయితే ఇంకా తక్కువ. విజయవాడలో గన్నవరం రన్‌వే సముద్రమట్టానికి వంద అడుగుల లోపే ఉంటుంది. అక్కడ నేర్చుకున్నవాడికి డయల్ మీది అంకె, నేల మీది ఎత్తు దాదాపు ఒకటే. పీఠభూమి మీద ఆ రెండూ వేరు, వాటిని కలిపేది కిటికీలోని అంకే. నేల మీద ముల్లు సున్నా చూపేలా తిప్పుకుంటే సరిపోదా అని కొందరికి అనిపిస్తుంది. ఆ పద్ధతీ ఉంది, దాన్ని క్యూఎఫ్‌ఈ అంటారు. కానీ 2,000 అడుగుల నేల మీద ప్రామాణిక లెక్క ప్రకారం అసలు పీడనం 942 హెక్టోపాస్కల్‌లు. చాలా చిన్న విమానాల ఆల్టీమీటర్ కిటికీలో అంకెలు 28 నుంచి 31 అంగుళాల పాదరసం వరకే ఉంటాయి, అంటే సుమారు 948 నుంచి 1050 హెక్టోపాస్కల్‌లు. లేపాక్షి నేల మీద సున్నా కోసం నాబ్ తిప్పుకుంటూ పోతే అంకెలు అయిపోతాయి గానీ సున్నా రాదు.

'బి' కీ సంగతికి వద్దాం. నిజమైన ఆకాశంలో ఒకే చోట ఎగిరే విమానాలన్నీ ఒకే గాలిలో ఉంటాయి. నెట్‌వర్క్‌లో అలా కాదు. ప్రతి కంప్యూటరూ తన గాలిని తానే తయారుచేసుకుంటుంది. ఒకరు అప్పటికప్పటి వాతావరణాన్ని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటారు. ఇంకొకరు 'నిర్మలాకాశం' ఎంచుకుని 1013 పీడనంతో కూర్చుంటారు. మరొకరి సిమ్యులేటర్ రెండు గంటల నాటి నివేదికను పట్టుకుని ఉంటుంది. కంట్రోలర్ చెప్పిన క్యూఎన్‌హెచ్ 1004 అనుకుందాం. ఇద్దరినీ 6,000 అడుగుల్లో ఉండమన్నాడు. అసలు వాతావరణంలో ఉన్నవాడు 1004 తిప్పి 6,000లో ఉంటాడు. 1013 గాలిలో ఉన్నవాడు కంట్రోలర్ మాట విని 1004 తిప్పితే అతని ముల్లు ఉన్నదానికంటే దాదాపు 250 అడుగులు తక్కువ చూపిస్తుంది. ముల్లు 6,000 దగ్గరకు వచ్చేసరికి అతను 6,250లో ఉంటాడు. అతనే 'బి' నొక్కి ఉంటే తన గాలికి సరైన 1013 వచ్చేది, 6,000లోనే ఉండేవాడు. ఇక్కడ 'బి' కీయే గెలిచినట్టు కనిపిస్తుంది కదా, మరి నా వాదన ఏమైంది అని అడగవచ్చు. కానీ ఈ గెలుపు పైపైనే. ఇంకా పైకెక్కితే కాసేపటికి, స్థానిక అంకెను వదిలి ప్రామాణిక పీడనానికి మారాల్సిన ఎత్తు వస్తుంది. అప్పుడు అందరూ 1013 పెట్టుకుంటారు. తక్కువ పీడనపు గాలిలో ఉన్నవాడు ఆ 250 అడుగులు కిందికి దిగుతాడు, ఈయన ఉన్నచోటే ఉంటాడు. 'బి' నొక్కినంత మాత్రాన ఇద్దరి గాలీ ఒకటి కాలేదు, తేడా కాసేపు కనబడకుండా పోయింది, అంతే. చేత్తో తిప్పినవాడికి మాత్రం ఆ తేడా బయల్దేరకముందే, పార్కింగ్‌లో నిలబడి ఉండగానే బయటపడుతుంది. బెంగళూరులో ఇంజన్ మొదలెట్టకముందు కంట్రోలర్ చెప్పిన అంకె తిప్పితే ముల్లు 3,000 దగ్గరకు రావాలి. 2,750 చూపిస్తుంటే చెడింది ఆల్టీమీటర్ కాదు, మన గాలికీ కంట్రోలర్ గాలికీ పొత్తు కుదరలేదన్నమాట. వాతావరణం అమరికలోకి వెళ్లి సరిచేసుకోవాలి. నిజమైన పైలట్లకు ఇదే పరీక్ష ఉంది. నేల మీద ముల్లుకూ అసలు ఎత్తుకూ తేడా 75 అడుగులు మించితే ఆ పరికరాన్ని అనుమానించమని అమెరికా విమానయాన సంస్థ చెబుతుంది.

అంటే క్యూఎన్‌హెచ్ కేవలం ఒక కొలత కాదు, అందరూ కలిసి పాటించే ఒప్పందం. సంతలో తూకంరాయి అణుమాత్రం తేడా లేకుండా కిలో ఉందా అనేదానికంటే అందరూ అదే రాయితో తూస్తున్నారా అనేది పెద్ద ప్రశ్న. ఆ ఒప్పందంలో తప్పు జరిగినా అది క్షేమమైన వైపే ఉండాలని విమానయానం కోరుకుంటుంది. అందుకే వాతావరణ నివేదికలో క్యూఎన్‌హెచ్‌ను ఎప్పుడూ కిందికే సవరిస్తారు. 1004.9 ఉన్నా 1004 అనే రాస్తారు. కిటికీలో అంకె తక్కువైతే ముల్లు తక్కువ చూపిస్తుంది, పైలట్ ఉండాల్సినదానికంటే కాస్త పైనే ఉంటాడు. ప్రమాదమంతా అటుపక్క ఉంది. కిటికీలో అంకె అసలుకంటే ఎక్కువైతే ముల్లు ఎక్కువ చూపిస్తుంది, మనిషి నిశ్చింతగా కిందికి జారుతుంటాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరం దాటినప్పుడు కేంద్రంలో పీడనం 950 హెక్టోపాస్కల్‌లని వాతావరణ శాఖ అంచనా. అటువంటి గాలిలో కిటికీలో 1013 వదిలేసి ఉంటే తేడా 1,700 అడుగులకు పైనే.

తుపాను అక్కర్లేదు, వినికిడిలో ఒక్క అంకె జారినా చాలు. 2022 మే 23న స్టాక్‌హోమ్ నుంచి ప్యారిస్ షార్ల్ ద గోల్ విమానాశ్రయానికి వస్తున్న ఒక ఎయిర్‌బస్ ఏ320కి కంట్రోలర్ క్యూఎన్‌హెచ్ 1011 అని చెప్పారు. అసలు అంకె 1001. పైలట్లు 1011 అనే తిరిగి చెప్పారు, 1011 అనే తిప్పారు. ఆ సమయంలో ఆ రన్‌వేకు రేడియో పుంజం ద్వారా దారి చూపే ఐఎల్ఎస్ పనిచేయడం లేదు. వాడిన పద్ధతిలో నిలువు దారి మొత్తం ఆల్టీమీటర్ మీదే ఆధారపడుతుంది. పది హెక్టోపాస్కల్‌లు అంటే సుమారు 280 అడుగులు. తెరలన్నీ సరైన దారిలో ఉన్నట్టే చూపించాయి. విమానం మాత్రం మబ్బులో, వానలో, ఆ దారికి 280 అడుగుల దిగువన సమాంతరంగా దిగింది. రన్‌వే కనబడకపోవడంతో పైలట్లు మళ్లీ పైకి లేపారు. ఆ లేపడంలో విమానం నేలకు అత్యంత దగ్గరైన క్షణంలో చక్రాల కింద ఉన్నది ఆరు అడుగులు, రన్‌వే ఇంకా ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో ఉంది. అదే కంట్రోలర్ ఫ్రెంచిలో మాట్లాడిన ఇంకో విమానానికి 1001 అని సరిగానే చెప్పినట్టు ఫ్రెంచి దర్యాప్తు సంస్థ తేల్చింది. పరికరం చెడలేదు, మనుషులు అసమర్థులు కారు. తిరిగి చెప్పడం అనే కట్టుబాటు కూడా పాటించారు. తప్పును తప్పుగానే తిరిగి చెబితే అది ఒప్పుగా వినిపించింది. లోపించినది మూడో మెట్టు, ఆ అంకెను ఇంకో ఆధారంతో సరిచూడటం. అరగంట ముందు విన్న క్యూఎన్‌హెచ్ ఎంత, రికార్డు చేసి వినిపించే వాతావరణ సమాచారంలో ఎంత ఉంది, ఈ పది తేడా ఎందుకు వచ్చింది అనే ప్రశ్న.

సిమ్యులేటర్‌లో ఇంకో ఉచ్చు కొలమానాలది. మన దేశంలో కంట్రోలర్ హెక్టోపాస్కల్‌లలో చెబుతాడు. సిమ్యులేటర్‌లోని చిన్న సెస్నా అమెరికా విమానం, దాని కిటికీలో అంగుళాల పాదరసం ఉండవచ్చు. వేసవి చివర్లో, నైరుతి రాకముందు, క్యూఎన్‌హెచ్ వెయ్యికి దిగువకు కూడా రావచ్చు. 998 అని విని, అలవాటులో 29.98 తిప్పితే పెట్టింది 1015. తేడా పదిహేడు హెక్టోపాస్కల్‌లు, సుమారు 470 అడుగులు, అదీ ప్రమాదకరమైన వైపు. పుట్టపర్తి చుట్టూ ఉన్న కొండల మధ్య ఆ 470 అడుగులు చిన్న సంగతి కాదు. సరైన అంకె 29.47. మార్పిడి పట్టిక ఒకటి పక్కన పెట్టుకుంటే చాలు.

ఇదంతా ఆటే కదా, కొండను గుద్దితే మళ్లీ మొదలెట్టుకోవచ్చు కదా అనేది అందరికీ తట్టే అభ్యంతరం. ఆటే, కాదనను. కానీ ఒంటరిగా ఆడే ఆట వేరు, కంట్రోలర్‌ను పెట్టుకుని ఆడే ఆట వేరు. కంట్రోలర్ గొంతు కోసం వచ్చినవాడు వచ్చింది ఆ క్రమశిక్షణ కోసమే. చెప్పింది వినడం, రాసుకోవడం, తిరిగి చెప్పడం, తిప్పడం, సరిచూడటం. వాటిలో మూడు కీబోర్డుకు అప్పజెప్పేస్తే మిగిలేది తెర మీద కనిపించే దృశ్యం. పైగా మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటల ఎగురుడు కావాలి, ఆ గంటల ఖరీదు మామూలు కుటుంబం తట్టుకునేది కాదు. కడుపు కట్టుకుని ఆ శిక్షణకు వెళ్లాలనుకునే హిందూపురం పిల్లవాడికి ఇంట్లో ఉచితంగా దొరికే అత్యంత విలువైన పాఠం రేడియో పాఠమే. విమానాన్ని చేతులతో నడపడం సిమ్యులేటర్ పూర్తిగా నేర్పలేదు. కుర్చీ వంగదు, ఒంటికి బరువు తెలియదు. అంకెను చెవితో పట్టి చేత్తో పెట్టే క్రమం మాత్రం నిజమైన కాక్‌పిట్‌లో ఎలా ఉంటుందో ఇక్కడా అచ్చం అలాగే ఉంటుంది. సరిగ్గా దాన్నే వదిలేసుకోవడం నాకు బాధగా అనిపిస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఉపగ్రహాలు ఉండగా ఈ పాతకాలపు డబ్బీలెందుకు, జీపీఎస్ చెప్పే ఎత్తు తీసుకోవచ్చు కదా? జీపీఎస్ కూడా ఒక ఊహా ఉపరితలం నుంచే కొలుస్తుంది. భూమికి దగ్గరి ఆకారంగా గణితం గీసిన ఒక నున్నని కోడిగుడ్డు అది. దానికీ సముద్రమట్టానికీ ఉన్న తేడా దక్షిణ భారతంలో ప్రపంచంలోనే అతి పెద్ద వాటిలో ఒకటి. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో భూమి గురుత్వాకర్షణ బలహీనంగా ఉన్న ఒక పెద్ద పల్లం ఉంది, అక్కడ సముద్రమట్టం ఆ గణిత ఉపరితలానికి 106 మీటర్ల దిగువన ఉంటుంది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2023లో దాని పుట్టుకకు ఒక వివరణ ఇచ్చారు. ఆ పల్లపు అంచు మన పీఠభూమి దాకా వస్తుంది. లేపాక్షి దగ్గర ఆ తేడా 80 మీటర్లకు పైనే. సవరణ చేయని జీపీఎస్ ఎత్తుకు, పటంలోని ఎత్తుకు 260 అడుగులకు మించి తేడా వస్తుంది. పరికరాలు ఆ సవరణ చేసుకుంటాయి, నిజమే. కానీ సవరణ అవసరమైందంటే అక్కడా ఒక ఒప్పందం ఉందనేగా అర్థం. పైగా ఒక విమానం జీపీఎస్‌తో, ఇంకొకటి పీడనంతో ఎత్తు పాటిస్తే ఆకాశంలో అంతరం నిలవదు. ఉష్ణమండలపు వేడి గాలిలో 35,000 అడుగులు చూపే పీడన ఆల్టీమీటర్ అసలు ఎత్తుకు 1,500 నుంచి 2,000 అడుగుల దిగువ లెక్క చెబుతుండవచ్చు. 2003 నవంబరు నుంచి మన గగనతలంలో 29,000 నుంచి 41,000 అడుగుల మధ్య విమానాలకు నిలువు అంతరం వెయ్యి అడుగులకు తగ్గించారు. అందరూ ఒకే రకంగా 'తప్పు' చదువుతున్నారు కనుకనే ఆ వెయ్యి అడుగులు భద్రంగా ఉన్నాయి.

సిమ్యులేటర్లలో ఈ వేడి లెక్క ప్రత్యేకంగా ఇబ్బంది పెడుతుంది. పాత సిమ్యులేటర్లలో ఉష్ణోగ్రత ఎంతున్నా ఆల్టీమీటర్ మారదు, కొత్తవాటిలో మారుతుంది. రెండు రకాలవాళ్లూ ఒకే నెట్‌వర్క్‌లో కలిస్తే పై ఎత్తుల్లో వాళ్ల అసలు ఎత్తులు విడిపోతాయి. నెట్‌వర్క్‌ల సాఫ్ట్‌వేర్ తయారీదారులు దీనికోసం చాలా శ్రమపడాల్సి వచ్చింది. కింది ఎత్తుల్లో మన చేతిలో ఉన్నది ఇది తెలిసి ఉండటమే. పుట్టపర్తిలో 40 డిగ్రీల ఎండ ఉంటే ఆ ఎత్తుకు ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే అది 28 డిగ్రీలు ఎక్కువ. రన్‌వేకు 3,000 అడుగుల పైన ఉన్నామని ముల్లు చెబితే అసలు 3,300 దగ్గర ఉంటాం. క్యూఎన్‌హెచ్ ఎంత సరిగా తిప్పినా ఈ తేడా పోదు, కానీ ఇది క్షేమమైన వైపు తేడా. లేహ్ చలికాలంలో ఇదే లెక్క తలకిందులై కొండలను దగ్గర చేస్తుంది.

ప్రామాణిక 1013కి ఎప్పుడు మారాలి అనే దగ్గర కూడా అలవాటు మోసం చేస్తుంది. అమెరికాలో ఆ ఎత్తు దేశమంతా 18,000 అడుగులు. అమెరికా వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు ఇక్కడా అలాగే పైకి వెళ్లిపోతారు. మన దేశంలో ఆ ఎత్తు విమానాశ్రయాన్ని బట్టి మారుతుంది, ఎక్కువ చోట్ల 18,000కు చాలా దిగువనే ఉంటుంది. ఆ విమానాశ్రయపు చార్టు మీద రాసి ఉంటుంది, చూసుకోవాలి. దిగేటప్పుడు కంట్రోలర్, ప్రామాణిక 1013 మీద లెక్కించే ఫ్లైట్ లెవెల్ మానేసి అడుగుల్లో ఎత్తు చెప్పి, వెంట క్యూఎన్‌హెచ్ చెప్పగానే నాబ్ తిప్పే వేళ వచ్చినట్టు.

బెంగళూరు నుంచి ఉదయం పదింటికి బయల్దేరి, మధ్యలో ఎక్కడో ఆగి, సాయంత్రం నాలుగింటికి పుట్టపర్తిలో దిగేవాడు ఉదయం క్యూఎన్‌హెచ్‌తోనే ఉండిపోతే వాతావరణంలో వింతేమీ జరగకపోయినా ముల్లు వంద అడుగులు ఎక్కువ చూపిస్తుంది. పుట్టపర్తికి కంట్రోలర్ ఎవరూ ఆన్‌లైన్‌లో లేకపోతే బెంగళూరు తాజా అంకె తీసుకోవచ్చు. నూరు కిలోమీటర్ల దూరంలో మామూలు రోజున పీడనం పెద్దగా మారదు. చక్రాలు రన్‌వే మీద ఆగాక ముల్లు 1,558 దగ్గర ఉందేమో చూడాలి. అది 1,650 చూపిస్తుంటే, ఇప్పటిదాకా దిగిన దారి అంతా అనుకున్నదానికంటే తొంభై అడుగులు కిందుగా వచ్చినట్టు.